సగంలో ఆగే పాఠాలు: మంచినీళ్ల నుంచి మిద్దె మీది సోలార్ దాకా

వాటర్ ఫిల్టర్లు అమ్మేవాళ్లు గడప దగ్గర చేసి చూపించే ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంట్లోంచి రెండు గాజు గ్లాసులు తెప్పిస్తారు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తమ వెంట తెచ్చిన ఆర్వో నీళ్లు పోస్తారు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండు గ్లాసుల్లోకి దించి ప్లగ్గు పెడతారు. కాసేపట్లోనే కుళాయి నీళ్లు పసుపెక్కి, ఆ తర్వాత తుప్పు రంగుకు తిరిగి, పైన మడ్డి తేలుతుంది. ఆర్వో గ్లాసు మాత్రం తేటగానే ఉంటుంది. "చూశారా అమ్మా, ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగింది ఇదీ" అంటారు. ఆ మాటతో ఆ ఇంటి తల్లికి టెన్షన్ పట్టుకుంటుంది. మెషీన్ కొనేదాకా అది తగ్గదు.

అక్కడ నిజంగా జరిగిందేమిటంటే, ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. కుళాయి నీళ్లలో మామూలుగా ఉండే లవణాల వల్ల వాటిగుండా కరెంటు పారుతుంది. పారిన కరెంటుకు ఇనప కడ్డీ కొద్దికొద్దిగా కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారదు, కడ్డీ కరగదు. అంటే ఆ మడ్డి వచ్చింది నీళ్లలోంచి కాదు, కడ్డీలోంచి. తేటగా ఉన్న ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ అదే ప్రయోగం చేయమంటే, అందులోనూ అదే రంగు, అదే మడ్డి వస్తాయి.

మన ఊళ్లలో నీళ్ల గురించి జనానికి బాగా గుర్తుండిపోయిన పాఠం ఏదంటే ఈ తప్పుడు పాఠమే అని చెప్పుకోవాల్సి రావడం బాధాకరం. ఎందుకు గుర్తుండిపోయింది? వాళ్ల ఇంటి గ్లాసులో, వాళ్ల నీళ్లతో, కళ్లెదురుగా చేసి చూపించారు కాబట్టి. దీని పక్కన ప్రభుత్వాలూ సంస్థలూ నడిపే అవగాహన కార్యక్రమాన్ని పెట్టి చూడండి. స్కూలు పిల్లలతో ఒక ర్యాలీ, ఒక బ్యానర్, అతిథి ప్రసంగం, "నీరే ప్రాణాధారం" అనే నినాదం. నీళ్లు ముఖ్యమని తెలియని ఆడమనిషి పల్లెలో ఒక్కరైనా ఉంటారా? ఆమెకు తెలియాల్సింది అది కాదు. తన బిందెలో ఉన్నది ఏమిటి, దాన్ని ఎలా తెలుసుకోవాలి, తేడా ఉంటే ఏం చేయాలి, ఎవరిని అడగాలి. పాఠం సరిగ్గా ఈ ప్రశ్నల ముందు ఆగిపోతుంది. సోలార్ ప్యానెళ్లూ, గోబర్ గ్యాసూ, పొగ రాని పొయ్యిలూ వచ్చిన ప్రతిసారీ కూడా ఇదే జరిగింది. వస్తువు ఇంటిదాకా వస్తుంది, దాని పాఠం సగం దారిలోనే నిలిచిపోతుంది. ఆ సగం పాఠం ఏమీ తెలియకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేసిన సందర్భాలు ఉన్నాయి.

"కాచి చల్లార్చి తాగండి"

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఊళ్లలో. పళ్లకు గార పట్టడం, కీళ్లు బిగుసుకోవడం, నడుం వంగిపోవడం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనని అప్పుడే తేలింది. ఆ తర్వాత నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ ప్రాంతాలు దేశమంతటికీ ఈ జబ్బుకు గుర్తుగా మారాయి. అక్కడి జనం వీటిని "ఫ్లోరిన్ నీళ్లు" అంటారు.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 మిల్లీగ్రాముల దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. అంతకు మించిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే మొదట పిల్లల పళ్ల మీద, తర్వాత పెద్దల ఎముకల మీద పడుతుంది. ఎముకకు పట్టాక దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు.

ఇలాంటి ఊళ్లకు వెళ్లి చెప్పే సలహా ఏమిటి? రాష్ట్రమంతటా చెప్పేదే: "నీళ్లు కాచి చల్లార్చి తాగండి." కలరా, టైఫాయిడ్, విరేచనాల విషయంలో అది బంగారం లాంటి మాట. నీళ్లు తెర్లి ఒక నిమిషం మరిగితే క్రిములు చస్తాయి. కానీ ఫ్లోరైడ్ క్రిమి కాదు, కాస్తే పోదు. పైగా కాచినప్పుడు ఆవిరయ్యేది నీళ్లే గానీ ఫ్లోరైడ్ కాదు కాబట్టి మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకాస్త పెరుగుతుంది. బోర్ల నీళ్లలో ఎక్కువగా కనిపించే నైట్రేట్ సంగతీ అంతే. కట్టెలు ఖర్చుపెట్టి, పొగ మింగి, పిల్లలకు మంచి చేస్తున్నామనుకుని కాచిన తల్లికి ఆ సలహా చేసిన మేలు ఫ్లోరైడ్ విషయంలో శూన్యం. ఆ నీళ్లలో ఏముందో చూడకుండా అన్ని ఊళ్లకూ ఒకే మాట చెప్పడమే ఇక్కడి తప్పు.

దీనికి తోడు ఇంకో సగం పాఠం ఉంది. తాగడానికి క్యాన్ నీళ్లు కొనుక్కుని, వంటకు మాత్రం బోరు నీళ్లే వాడే ఇళ్లు కోకొల్లలు. తాగే నీళ్ల గురించి చెప్పినవాళ్లు అన్నం గురించి చెప్పలేదు. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునే నీళ్లు తక్కువేమీ కాదు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ అన్నంతోపాటే కంచంలోకి వస్తుంది. తాగడానికీ వంటకీ కలిపి మంచినీళ్లు వాడాలన్న ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ కొన్న క్యాన్లకు పెట్టిన డబ్బుకు న్యాయం జరిగేది.

1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ తీసేయడానికి చౌక పద్ధతి ఒకటి రూపొందించారు. పేరే "నల్గొండ టెక్నిక్". నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి పది నిమిషాలు తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడ్ మడ్డితో కలిసి అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకోవాలి. అడుగు నుంచి కాస్త ఎత్తులో కుళాయి బిగించిన బకెట్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. వినడానికి ఎంతో తేలిక. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ మీద, ఆ నీళ్ల క్షారగుణం మీద ఆధారపడుతుంది. పక్కపక్క బోర్లకే మోతాదు మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. రోజూ మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలి? పెరట్లో పోస్తే మళ్లీ భూమిలోకే ఇంకుతుంది. పొద్దున్నే కూలికి పోవాల్సిన మనిషి గంటసేపు బకెట్ దగ్గర ఎప్పుడు నిలబడాలి? సైన్సు సరైనదే. దాన్ని వాడాల్సిన మనిషి రోజు ఎలా గడుస్తుందో లెక్కలోకి తీసుకోలేదు. అందుకే ఇళ్లలో అది నిలబడలేదు.

నల్గొండ జనం తమ గోడును దేశానికి వినిపించడానికి ఎన్నికల దారి పట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీ చేశారు. నీళ్ల కోసం జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేసినవాళ్లే అందులో ఎక్కువ. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చి, పోలింగ్ వాయిదా పడింది. తమ నీళ్లలో ఏముందో, దానివల్ల ఏమవుతుందో ఆ ఊళ్లకు అప్పటికే పూర్తిగా తెలుసు. "వాళ్లకు అవగాహన లేదు" అనే మాట అధికారుల నోట ఎప్పుడు వినిపించినా ఆ బ్యాలెట్ పుస్తకాన్ని గుర్తు చేసుకోవాలి. లోటు అవగాహనలో కాదు, మంచినీళ్లలో ఉంది.

నల్లా వచ్చాక

ఆ నీళ్లు తర్వాత వచ్చాయి. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇచ్చే తెలంగాణ పథకం మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లోనే పైలాన్ వేశారు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర తొలి దశ మొదలైంది. కృష్ణా, గోదావరి నీళ్లు శుద్ధి అయి పైపుల్లో ఊళ్లకు చేరాయి. దేశమంతటా చూస్తే, పల్లె ఇళ్లకు కుళాయిలు ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌ను 2019 ఆగస్టు 15న ప్రకటించేనాటికి 3.23 కోట్ల గ్రామీణ ఇళ్లకే కుళాయి కనెక్షన్ ఉండేది. ఇప్పుడది 15 కోట్లు దాటింది. ఇది చిన్న పని కాదు.

అయినా భగీరథ నల్లా ఉన్న ఇంట్లోనే ఇరవై లీటర్ల క్యాన్ కూడా కనిపిస్తుంది. కారణం అడిగితే చాలామంది చెప్పేది "బ్లీచింగ్ వాసన వస్తది" అని. ఆ వాసన ఏమిటో, ఎందుకు ఉండాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. శుద్ధి చేసిన నీళ్లు మైళ్ల కొద్దీ పైపుల్లో, ట్యాంకుల్లో ప్రయాణించి ఇంటికి చేరేలోపు మళ్లీ క్రిములు చేరొచ్చు. వాటిని అడ్డుకోవడానికే చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. లీలగా వాసన వస్తోందంటే కాపలావాడు ఇంకా మేలుకునే ఉన్నాడన్నమాట. నీళ్లు పట్టి మూత పెట్టి కొన్ని గంటలు ఉంచితే వాసన చాలావరకు తగ్గుతుంది. ఆర్వో క్యాన్‌లో ఈ కాపలా ఉండదు. సరిగా కడగని క్యాన్‌లో నింపి, ఎండలో ఆటో మీద తిప్పి, ఇంట్లో నాలుగు రోజులు ఉంచిన నీళ్లు తియ్యగా ఉండొచ్చు, శుభ్రంగా ఉంటాయన్న హామీ లేదు.

పెన్నులా ఉండే టీడీఎస్ మీటర్ కూడా ఇలాంటి అపోహనే పెంచింది. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉన్నాయో అది చెబుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా పర్వాలేదన్నది ప్రమాణం. కానీ ఆ లవణాల్లో ఫ్లోరైడ్ ఎంతో ఆ మీటర్‌కు తెలియదు. క్రిముల సంగతి అసలే తెలియదు. అంకె తక్కువ వచ్చినంత మాత్రాన ఆ నీళ్లు మంచివి కావు, కాస్త ఎక్కువ వచ్చినంత మాత్రాన విషమూ కావు.

తెలుసుకునే సాధనం మాత్రం ఊరికి వచ్చింది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ వాడటం నేర్పాలన్నది నియమం. దేశంలో ఇప్పటికి 24 లక్షల మందికి పైగా శిక్షణ పొందారు. ఆ కిట్‌లో ఫ్లోరైడ్ పరీక్ష ఒక్క చూపులో అర్థమయ్యేది. చిన్న గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, సీసాలోని మందు చుక్కలు వేసి కలిపితే రంగు వస్తుంది. ఫ్లోరైడ్ తక్కువుంటే గులాబీ రంగు, పెరిగేకొద్దీ నారింజ మీదుగా పసుపు. వచ్చిన రంగును కార్డు మీది రంగుల పక్కన పెట్టి చూసుకోవాలి. క్రిములకు వేరే సీసా. లోపల మందు పట్టించిన కాగితం ఉంటుంది. నీళ్లు నింపి మూత బిగించి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, మలం ద్వారా వచ్చే క్రిములు ఉన్న నీళ్లు నల్లగా మారతాయి. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో మన శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతి ఇది, ఆ తర్వాత ఎన్నో దేశాలు వాడుకున్నాయి. తాము తాగుతున్న నీళ్లు కళ్లముందే నల్లబడటం చూసిన మనిషికి ట్యాంకు ఎందుకు కడగాలో వేరే ప్రసంగం అక్కర్లేదు. ఫిల్టర్ అమ్మేవాడి గ్లాసుకు ఉన్న బలం దీనికీ ఉంది. తేడా ఒక్కటే, ఇది నిజం చెబుతుంది.

సీసా నల్లబడ్డాక ఏం జరగాలి? ఇక్కడే ఇంకో సగం పాఠం మిగిలిపోతుంది. శిక్షణలో పరీక్ష చేయడం నేర్పుతారు. ఫలితం చెడ్డగా వస్తే ఆ రోజు ఊరు ఏ నీళ్లు తాగాలి, ట్యాంకులో బ్లీచింగ్ ఎవరు వేస్తారు, ఎంత వేస్తారు, నమూనాను ల్యాబుకు ఎవరు తీసుకెళ్తారు, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి అన్నవి కూడా అదే శిక్షణలో ఉండాలి. బ్లీచింగ్ పౌడర్ సంగతే తీసుకుంటే, తాజా పొడిలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. మూట విప్పి పంచాయతీ గదిలో నెలల తరబడి వదిలేస్తే అది గాలికే పోతుంది. తెల్లటి పొడి అలాగే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. వాటర్‌మ్యాన్‌కు ఈ ఒక్క సంగతి తెలిస్తే మూట మూతి కట్టి ఉంచుతాడు.

ఫలితాన్ని అందరికీ కనిపించేలా చెప్పడంలో బంగ్లాదేశ్ నుంచి నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది. చెరువు నీళ్ల క్రిముల నుంచి కాపాడాలని అక్కడ దశాబ్దాల పాటు బోరింగులు వేయించారు. "బోరింగు నీళ్లే మంచివి" అని ఊరూరా నేర్పారు. తీరా చూస్తే ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1990లలో బయటపడింది. 2000 నుంచి మూడు నాలుగేళ్లలో దాదాపు 50 లక్షల బోరింగులను పరీక్షించి, పరిమితి దాటినవాటికి ఎర్ర రంగు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది. దగ్గర్లో ఆకుపచ్చ బోరింగు ఉన్న చోట చాలా కుటుంబాలు ఎర్రదాన్ని వదిలి దానికి మారాయి. కొత్తగా ఏమీ కట్టలేదు, ఉన్నవాటిలో ఏది మంచిదో చెప్పారు, అంతే. రంగు వెలిసిపోయాక, కొత్త బోరింగులు వేశాక మళ్లీ పరీక్షించని చోట మాత్రం ఆ మేలు కరిగిపోయింది.

అదే దేశంలో మత్‌లబ్ ప్రాంతంలో పాత చీరతో చేసిన ప్రయత్నం కూడా చెప్పుకోదగింది. కలరా క్రిములు నీళ్లలోని కంటికి ఆనని సూక్ష్మజీవులను అంటిపెట్టుకుని ఉంటాయి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరను నాలుగు మడతలు వేసి నీళ్లు వడకడితే ఆ జీవులు చీరలోనే నిలిచిపోతాయి. కొత్త చీర కన్నా పాతదే నయం, పోగులు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి కాబట్టి. ఇలా వడకట్టిన ఊళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రచురించారు. ఐదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే మూడోవంతుకు దగ్గరగా ఆడవాళ్లు ఏదో ఒక రకంగా ఇంకా వడకడుతూనే ఉన్నారు. మధ్యలో ఎవరూ వెళ్లి గుర్తు చేయకపోయినా అంతమంది మిగలడం గొప్పే. ఏడాదికోసారైనా ఎవరో ఒకరు గుర్తు చేసి ఉంటే ఇంకెంతమంది మిగిలేవారో.

పొయ్యి దగ్గరి పాఠం

నీళ్లు కాచాలన్నా కావాల్సింది మంటే. అందుకే నీళ్ల పాఠాన్నీ ఇంధనం పాఠాన్నీ విడదీసి, ఒకటి గ్రామీణ నీటి సరఫరా శాఖ, ఇంకోటి ఇంధన శాఖ వేర్వేరుగా చెప్పడం ఇంటి దృష్టితో చూస్తే అర్థం లేనిది. రెండూ వినేది ఒక్క మనిషే.

కట్టెలు, పిడకలు, బొగ్గు పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం పొగ తక్కువ వచ్చే పొయ్యిల పథకం పెట్టి దేశమంతటా కోట్ల పొయ్యిలు కట్టించింది. 2002 నాటికి అది ముగిసింది. ఒడిశాలో ఇలాంటి మెరుగైన పొయ్యిలను కొందరు ఆర్థికవేత్తలు నాలుగేళ్ల పాటు గమనించారు. మొదటి ఏడాది పొగ తగ్గింది. ఆ తర్వాత పొయ్యిలు పగిలాయి, గొట్టాలు మసితో పూడుకుపోయాయి, బాగు చేసుకునేవాళ్లు లేరు. ఇళ్లు మెల్లగా పాత పొయ్యికే తిరిగి వెళ్లాయి. ఆరోగ్యంలో నిలకడైన మార్పు కనిపించలేదు. పొయ్యి ఎందుకు మంచిదో చెప్పారు. గొట్టంలో మసి ఎన్ని రోజులకు తీయాలో, పగులు దేనితో పూయాలో చేతికి నేర్పలేదు.

గోబర్ గ్యాస్ కథ కూడా అలాంటిదే. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. అంటే ఇంట్లో నాలుగైదు పశువులు ఉండాలి. ఐదారుగురి వంటకు సరిపడా నీలిమంట వస్తుంది, మిగిలిన స్లర్రీ పొలానికి మంచి ఎరువు. పేడ కలిపేటప్పుడు రాళ్లూ గడ్డీ ఏరకపోతే లోపల తెట్టు కడుతుంది. పైపులో చేరిన నీళ్లు తీయకపోతే మంట మినుకుమంటుంది. ఇవి తెలిసిన ఇంట్లో ప్లాంటు ఏళ్ల పాటు పనిచేస్తుంది. తెలియని ఇంట్లో మొదటిసారి మంట ఆరిన రోజే అది మూలనపడుతుంది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయిన ఊళ్లలో పాఠం ఎంత బాగా చెప్పినా లాభం లేదు, దాన్ని ముందే గుర్తించి ఆ ఇళ్లకు వేరే దారి చూపాలి.

గ్యాస్ కనెక్షన్ల సంగతి తెలుగువాళ్లకు బాగా తెలుసు. డ్వాక్రా మహిళలకు ఇచ్చిన దీపం పథకం 1999 నాటిది, ఉజ్వల వచ్చింది 2016లో. ఇప్పుడు వంట చాలావరకు గ్యాస్ మీదే. కానీ తెల్లవారుజామున పల్లెలో నడిచి చూస్తే పెరళ్లలో మంటలు కనిపిస్తాయి. స్నానాలకు నీళ్లు కాగేది ఇంకా కట్టెల పొయ్యి మీదే. సబ్సిడీ, లెక్కలు, నివేదికలు అన్నీ వంట చుట్టూ తిరుగుతుంటే పొగ వచ్చే ఈ పొయ్యి ఎవరి లెక్కలోకీ రాలేదు. మిద్దె ఉన్న ఇంటికి సోలార్ వాటర్ హీటర్ సరిగ్గా సరిపోయేది ఇక్కడే.

ఎండతో చేసుకోగల ఇంకా చౌకైన పని ఒకటుంది. తేట నీళ్లను రంగులేని ప్లాస్టిక్ సీసాలో, అంటే రెండు లీటర్లకు మించని మామూలు కూల్‌డ్రింక్ సీసాలో నింపి మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెడితే, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు క్రిములు చస్తాయి. మబ్బు పట్టిన రోజైతే రెండు రోజులు ఉంచాలి. నీళ్లు చాలినంత తేటగా ఉన్నాయో లేదో చూడటానికి పరికరమేమీ అక్కర్లేదు. నింపిన సీసాను పేపరు మీద నిలబెట్టి పైనుంచి చూస్తే కింద హెడ్డింగ్ చదవగలిగితే చాలు. చదవలేకపోతే ముందు వడకట్టాలి, లేదా మన పెద్దవాళ్లు చేసినట్టు కుండలో చిల్లగింజ అరగదీసి తేర్చుకోవాలి. ఫ్లోరైడ్‌కు మాత్రం ఇదీ పనికిరాదు. ఆ మాట కూడా అదే నోటితో చెప్పాలి.

మిద్దె మీద ప్యానెల్, కింద ప్రశ్నలు

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టాలన్న లక్ష్యంతో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల దాకా కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఈ అంకెలు ఇప్పుడు అందరి నోళ్లలోనూ ఉన్నాయి. చెప్పనివి ఆ తర్వాత బయటపడతాయి.

మొట్టమొదటిది కరెంటు పోయిన రోజున తెలుస్తుంది. పట్టపగలు, నిలువునా ఎండ, మిద్దె మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు. అయినా ఫ్యాను తిరగదు. మోసపోయామని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. ఈ పథకం కింద ఎక్కువ ఇళ్లలో బిగించేది గ్రిడ్‌తో, అంటే బయటి కరెంటు లైన్‌తో ముడిపడ్డ వ్యవస్థ. లైన్‌లో కరెంటు పోగానే, ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి. ఆగకపోతే ఇంటి ప్యానెల్ కరెంటు వెనక్కి లైన్‌లోకి పారుతుంది. లైన్ ఆపేసి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. అంటే అది లోపం కాదు, ఒక మనిషిని కాపాడే ఏర్పాటు. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ ఉన్న వేరే రకం కావాలి, దాని ఖర్చు వేరు. బిగించే ముందు ఈ నాలుగు మాటలు చెబితే ఆ ఇల్లు పది ఇళ్లకు మంచి చెబుతుంది. చెప్పకపోతే పది ఇళ్లను ఆపేస్తుంది.

డబ్బు లెక్క కూడా నిజాయితీగా చెప్పాలి. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే తెల్ల కార్డు ఇళ్లకు 2024 మార్చి నుంచి బిల్లు సున్నా. ఆ ఇంటికి సోలార్ వల్ల ఆదా అయ్యే బిల్లే లేదు. ఆ ఇంటిని అప్పు చేసి ప్యానెల్ పెట్టుకోమనడం అన్యాయం. నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాల్చే ఇంటికైతే అది నిజంగా లాభం. ఎవరికి పనికొస్తుందో, ఎవరికి రాదో రెండూ చెప్పినప్పుడే అది పాఠం. ఒకటే చెబితే అమ్మకం.

ఇక నీళ్లూ కరెంటూ ఒకే చోట కలిసే సంగతి. ప్యానెల్ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని విన్నవాళ్లు మధ్యాహ్నం పూట బోరు నీళ్ల పైపుతో కడుగుతారు. కాగిన అద్దం మీద ఉప్పు నీళ్లు ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి. వారం వారం కడిగేకొద్దీ ఆ పొర గట్టిపడి దుమ్ము కన్నా ఎక్కువ వెలుతురును ఆపుతుంది. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు, చప్ప నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు తగ్గితే బిందెలోవి పోసేవాళ్లున్నారు. ఆ లవణాలు లోపలి పలకలను పాడుచేస్తాయి, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. సోలార్ హీటర్ గొట్టాల్లో, గీజర్ కాయిల్ మీద పేరుకునే సున్నపు పొర కూడా అదే బోరు నీళ్లదే. కాయిల్‌కు పొర పట్టిన గీజర్ అదే నీళ్లను కాచడానికి ఎక్కువసేపు కరెంటు తాగుతుంది. ఊళ్లో నీటి పరీక్ష చేసే ఆమెకు తన బోరు నీళ్ల కాఠిన్యం అంకె తెలుసు. ఆ అంకెను ప్యానెల్ ఉన్న ఇళ్లకు చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

అంకె ఎవరి చేతిలో ఉంది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ దిశగా జరిగిన గొప్ప ప్రయత్నం ఒకటి తగినంతగా గుర్తుండలేదు. 2000ల మధ్యలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో భూగర్భ జలాలను రైతులే చూసుకునే ప్రాజెక్టు నడిచింది. ఊళ్లలో రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. ఎంత నీళ్లున్నాయి, రబీలో ఏ పంటకు ఎంత కావాలి అని లెక్కగట్టి ఊరి గోడ మీద రాశారు. వరి తగ్గించమని ఎవరూ ఆదేశించలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. తమ చేత్తో కొలిచిన అంకె చూసి చాలామంది తామే తక్కువ నీళ్ల పంటలకు మారారు. ప్రాజెక్టు డబ్బు ఆగిపోయాక చాలా చోట్ల ఆ కొలతలు కూడా ఆగిపోయాయి. నేర్చుకున్నది మరిచిపోయి కాదు. కొలిచే మనిషి పనికి, ఆ పుస్తకానికి, తాడుకు, టార్చికి ఎవరు డబ్బు పెట్టాలన్నది ముందు తేల్చుకోలేదు.

రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజ్ ఈ చిక్కును మొదటి రోజే ఎదుర్కొంటుంది. అక్కడికి చాలా దేశాల పల్లెల నుంచి చదువు రాని నడివయసు ఆడవాళ్లు వస్తారు. నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా ఉంటారు. నేర్పేవాళ్ల భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష నేర్పేవాళ్లకు రాదు. రంగులతో, సైగలతో, చేతులు పట్టుకుని చూపిస్తూ ఆరు నెలల్లో సోలార్ దీపాల సర్క్యూట్లు అతకడం, బాగుచేయడం నేర్పుతారు. యువకులను కాకుండా ఈ వయసు ఆడవాళ్లను ఎంచుకోవడానికి కారణం ఉంది. పని నేర్చుకున్న కుర్రాడు సర్టిఫికెట్ పట్టుకుని పట్నానికి పోతాడు, ఈమె తిరిగి ఊరికే వస్తుంది.

ఆమె బయల్దేరక ముందే ఊళ్లో ఒక కమిటీ కూర్చుంటుంది. కిరసనాయిలుకూ, కొవ్వొత్తులకూ, టార్చి బ్యాటరీలకూ ఒక్కో ఇల్లు నెలకు ఎంత ఖర్చు పెడుతోందో అడుగుతుంది. సోలార్ వచ్చాక అంతకు మించకుండా ఇంటింటికీ నెలకు ఎంత కట్టాలో అప్పుడే నిర్ణయిస్తుంది. తిరిగి వచ్చాక దీపాలు బాగుచేస్తూ ఉన్నందుకు ఆమెకు నెలనెలా ఇచ్చేది ఆ డబ్బులోంచే.